పెరిగే పిల్లకి కోటు

కోటు చివరి గుండీ పెట్టగానే నీలవేణి జానెడు పెరుగుతుంది. పొద్దుట్నుంచీ ఇదే వరస. భుజం కుట్టు పటపటా తెగుతుంది, కోటు చేతులు మోచేతుల దాకా ఎగబాకుతాయి. టైలర్ ఖాదర్ మాస్టారు మెడలోని టేపు తీసి మళ్ళీ కొలతలు మొదలుపెడతాడు.

"పర్లేదు మేడమ్, ఇంకోటి కుట్టేద్దాం," అంటాడు. మిషను ఇలా తొక్కుతాడో లేదో, అలా కొత్త కోటు తయారు.

నీలవేణికి విసుగు రావాలి. రావడం లేదు. ఒళ్ళంతా ఒకటే సంబరం. ఉండదూ మరి! ఇవాళ ఆమె తొలిసారి తనంత తాను ఓడెక్కి, దాన్ని విశాఖ రేవులోకి తీసుకురావాలి. పైలట్లు విమానాలకే ఉంటారనుకునే వాళ్ళకి చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది. ఓడలకీ ఉంటారు బాబూ! రేవు ముఖద్వారం ఇరుకు. దారి తెలిసిన మనిషి ఎక్కందే ఎంత గొప్ప ఓడైనా బయట నిలబడాల్సిందే.

కెప్టెన్లు పైలట్ చదువు అడగరు. భుజం కుట్టు చూస్తారు. కోటు ఒంటికి సరిపోయిన మనిషికే నిచ్చెన దించుతారు. అదీ సముద్రం పోటు తగ్గేలోగా.

బయట ఓడ కూత వేస్తుంది. ఓపిక పట్టలేక వీధి చివరి దాకా వచ్చేసి, సైకిల్ స్టాండు పక్కన ఆగి ఉంది.

"భుజం కుట్టు ఎముక చివరే ఆగాలి," మాస్టారు కొత్త కోటు తొడుగుతూ చెబుతాడు. "చెయ్యి మణికట్టు దగ్గర ఆగాలి. గుండీ దగ్గర ముడత పడకూడదు." అన్నీ ఆగాయి. ముడత పడలేదు. నీలవేణి అద్దంలో చూసుకుంటుంది.

మూల స్టూలు మీద కూర్చున్న ఆమె తల్లి పైడమ్మ లేచి వస్తుంది. ఎండు చేపలు అమ్మే చేత్తో కోటు నడుం దగ్గర గుడ్డ పట్టుకుని లాగి చూస్తుంది.

"ఏటి మాస్టారూ, ఇంత బిగుతా? కాసింత వొదులొగ్గండి. పెరిగే పిల్ల!"

అంతే. కుట్లు తెగుతాయి, నీలవేణి తల ఫ్యానుకు తగులుతుంది.

మాస్టారు కంగారు పడడు. కత్తెర తీసుకుని గోడ అడుగున ఉన్న మడత కుట్టు విప్పుతాడు. పైకప్పు నిదానంగా లేస్తుంది. మడతలో దాగిన గోడ పట్టీ పచ్చగా, వేసిన నాటి రంగులోనే ఉంది. "మా నాన్న కట్టించిన కొట్టు. ఎదుగుతుందని మడత వదిలాడు," అంటాడు.

ఆ పట్టీ చూడగానే నీలవేణికి తన నీలం గౌను గుర్తొస్తుంది. పెరుగుతుందని రెండు సైజులు పెద్దది కొనేది అమ్మ. కాన్వాసు బూట్ల ముందు కాగితాలు కుక్కేది. గౌను అంచు మడిచి కుట్టి, ఏడాదికో మడత విప్పేది. తీరా ఒంటికి సరిపోయేనాటికి రంగంతా వెలిసిపోయేది. కొత్తదీ, సరిపోయేదీ ఒకేసారి ఒక్క గుడ్డంటే ఒక్క గుడ్డ తొడుక్కుని ఎరగదు నీలవేణి.

"తంటా ఎక్కడుందో తెలిసింది," మాస్టారు అంటాడు. "మీ అమ్మగారి మాట ఇంకా చెల్లుతోంది. ఆవిడ పెరిగే పిల్లంటోంది, మీరు పెరుగుతున్నారు."

"అయితే ఏం చెయ్యాలి?" పైనుంచి నీలవేణి అడుగుతుంది.

"సరిపోయిందని ఆవిడే అనాలి." మాస్టారు స్టూలెక్కి, ఇంకో కొత్త కోటు కుట్టి తొడుగుతాడు, గుండీలు మాత్రం పెట్టడు.

పైడమ్మ మూతి ముడుచుకుంటుంది. కూతురు గౌను విషయంలో ఆ మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. ఓడ మళ్ళీ కూస్తుంది. ఈసారి కూత కాస్త నీరసంగా ఉంది. పోటు తగ్గుతోంది.

"అనమ్మా! ఒక్కసారి!"

"అనీస్తే ఇంక నాతో పనేటుందే అమ్మీ?" పైడమ్మ కళ్ళు తుడుచుకుంటుంది. "మడత ఇప్పినప్పుడే కదే, నువ్వెంత ఎదిగినావో నాకు తెలిసేది. సరిపోనాక ఇప్పడానికేటుంటాది?"

నీలవేణికి ఏడుపూ సంతోషమూ కలిసి వస్తాయి. వంగి, తల్లిని రెండు చేతులతో ఎత్తి తన భుజం దగ్గరికి తెచ్చుకుంటుంది. "నువ్వే చూసి చెప్పు."

పైడమ్మ అరచేత్తో భుజం కుట్టు నిమురుతుంది. ఎముక చివర దాకా వెళ్ళి ఆగుతుంది.

"సరిపోనాది," అంటుంది. "నా తల్లే! అచ్చంగా సరిపోనాది."

గుండీలు వాటంతటవే పడతాయి. కోటు కొత్తది. సరిపోయింది. రెండూ ఒకేసారి! నీలవేణి తల్లిని దించకుండానే వీధిలోకి పరుగు తీస్తుంది. కెప్టెన్ ఆమె భుజం కుట్టు వంక చూసి నిచ్చెన దించుతాడు.

తల్లీ కూతుళ్ళు ఎక్కగానే ఓడ వీధి దిగి, సముద్రంలో చుట్టు తిరిగి, రేవు ముఖద్వారానికి వస్తుంది. ఇటు కొండా అటు గట్టూ ఓడ డొక్కల్ని నొక్కుతాయి. అంగుళం కదలదు.

"అమ్మా! బిగుతైంది!" పైనుంచి నీలవేణి కేకేస్తుంది.

"నాను సెప్పలేదేటి!" పైడమ్మ ముఖం వెలిగిపోతుంది. కొంగు దోపుకుని, నిచ్చెన చివర కూర్చుని, ఒడ్డు అంచు బొటనవేలితో తడుముతుంది. "మడతుందమ్మీ! ఎవరో తల్లే కుట్టింటాది. పెరిగే ఓడ కదా!"

పళ్ళతో దారం కొరికి లాగుతుంది. ఒడ్డు వదులవుతుంది. మడతలో నుంచి ఎండ మొహం ఎరగని సముద్రం పట్టీగా పరుచుకుంటుంది, చిక్కటి నీలంగా, కొన్న రోజు గౌనులా. నీలవేణి చెయ్యెత్తి ఓడను అందులోకి పిలుస్తుంది. భుజం దగ్గర ముడత పడదు.

పైడమ్మ దారం పారేయదు. మళ్ళీ కుట్టడానికి పనికొస్తుందని వేలికి చుట్టుకుంటూ కూర్చుంటుంది. దారం వెంబడే భీమిలి దాకా తీరం కుట్టు కుట్టూ ఊడి ఆమె వేలి మీదికి వస్తోంది.