గొడుగు చీల

నరసింగరావు గొడుగును గోడచీలకు తగిలించి, కళ్ళజోడు తుడుచుకుని, చెక్కముక్కల పెట్టె తెరిచాడు. ఎర్రవి, తెల్లవి. బొమ్మ చూపించి అలాగే పేర్చమంటే ఎదుటి మనిషి బుద్ధి నిలకడ తెలుస్తుందని ఆయన చదువుకున్న శాస్త్రం. నేరం చేసి, మతిస్థిమితం లేదని కోర్టు పంపినవాళ్ళ చేత ఆ ముక్కలు పేర్పించడం, వాళ్ళతో మాట్లాడి మనసు కనిపెట్టి డాక్టరుగారికి చెప్పడం ఆయన ఉద్యోగం. విజయనగరంలో ఆ ఆసుపత్రికి పొమ్మంటే రిక్షావాడు ఒకసారి వెనక్కి తిరిగి మనిషిని ఎగాదిగా చూస్తాడు.

నరసింగరావు బక్కపలచని మనిషి. భుజాలు కొంచెం ముందుకు వాలి, ఎప్పుడూ ఎవరి మాటో వింటున్నట్టే నడుస్తాడు. వీధిలో ఆయన పేరు పిచ్చాసుపత్రి పంతులు. భార్య పోయింది, పిల్లలు లేరు, పెళ్ళిపిలుపులు కూడా రావడం మానేశాయి. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఊరందరి గోడూ అడిగి తెలుసుకున్నాడు గానీ, ఆయన్ని తిరిగి అడిగిన పుణ్యాత్ములు తక్కువ. ఆడవాళ్ళ వార్డులో బుల్లమ్మ ఒక్కతే అడిగేది.

"తిన్నావేటి బాబూ?"

"తిన్నానమ్మా" అని ఆ పూట కూడా అబద్ధమే చెప్పాడు.

బుల్లమ్మది పొందూరు. నూలు వడికే చెయ్యి. బాలింతరాలిగా ఉన్నప్పుడు మతి చెదిరి పసిబిడ్డను నూతిలో విడిచింది. తెలిసి చేసింది కాదని కోర్టు శిక్ష వేయకుండా ఇక్కడికి పంపింది. మతి కుదురుకుని ఏళ్ళయింది. మొగుడు అసిరయ్య వచ్చి పూచీ సంతకం పెడితే ఇంటికి పోవచ్చు. ఆ సంతకం కోసం నరసింగరావు సెలవురోజుల్లో పాసింజరెక్కి పొందూరు పోయి, ఆ ఇంటి అరుగు మీద చాలాసార్లు కూర్చున్నాడు. అసిరయ్య ఎప్పుడూ "సూద్దాం బాబూ" అనేవాడు. చివరికి ఇవాళ వస్తానన్నాడు.

ఇవాళే నరసింగరావుకి ఉద్యోగంలో ఆఖరి రోజు. ఆయన తర్వాత ఆ కుర్చీలో ఎవరినీ వేయడం లేదు. ఈ పని ఇవాళ కాకపోతే బుల్లమ్మ కోసం మళ్ళీ పొందూరు పోయేవాడు ఉండడు. ఆ సంగతి తల్చుకుని ఆయన పొద్దుటినుంచీ మాటిమాటికీ గేటువైపు చూస్తున్నాడు.

మధ్యాహ్నానికి అసిరయ్య వచ్చాడు. గేటు దాటి లోపలికి రాలేదు.

"ఇది దానిది బాబూ. దానికిచ్చీండి" అని గేటు దగ్గరికి వచ్చిన నరసింగరావు చేతిలో పాత గుడ్డమూట పెట్టాడు.

"సంతకం పెట్టాలి కదయ్యా. లోపలికి రా, బుల్లమ్మను చూద్దువుగాని."

"బండికి టైమైపోతన్నాది బాబూ. మల్లీ వస్తాను."

తల ఎత్తకుండానే వెళ్ళిపోయాడు. నరసింగరావు మూట విప్పాడు. వాలుగ చేప దవడ ఎముక. పొందూరు ఆడవాళ్ళు దాని సన్నటి పళ్ళతో పత్తి దువ్వుతారు. ఆయన మనసు తేలికపడింది. ఇన్నాళ్ళూ పెళ్ళాం వస్తువు భద్రంగా దాచాడంటే, ఇంత దూరం మోసుకొచ్చాడంటే, మనిషి మెత్తబడ్డట్టే. సంతకం ఇవాళ కాకపోతే రేపు తనే వచ్చి పెడతాడు. గబగబా వార్డుకి పోయి, "కబురు మంచిదేనమ్మా" అంటూ ఎముక చూపించాడు.

బుల్లమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. బొటనవేలితో పళ్ళు నిమిరింది.

"ఇంటికి తీసుకెల్లీవోడైతే దీన్నిక్కడికెందుకు తెస్తాడు బాబూ? మా ఇంట్లో దూలానికి సీలుంటాది. ఇది అక్కడుంటాది. ఇది ఆడుంటే, ఎప్పటికైనా నానొస్తానని." ఎముకను ఒళ్ళో పెట్టుకుని అంది, "ఆ సీలకిప్పుడు మరొకర్తి దవడ తగిలించుంటారు."

మనుషుల మనసులు చదివినందుకే ఆయనకి జీతం. ఇది మాత్రం తలకిందులుగా చదివాడు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవలేక గోడకేసి చూశాడు.

ఆయా మరిడమ్మ ఎముకను తీసేసుకుంది. "దీనికి పళ్ళున్నాయి బాబూ. లోపల ఉండనియ్యరు."

సాయంత్రం డాక్టరుగారు దండ వేసి నాలుగు మంచి మాటలు చెప్పారు. బూందీ, టీ పంచారు. అందరూ చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాక, నరసింగరావు తన బూందీ పొట్లం పట్టుకుని వార్డు కటకటాల దగ్గరికి వెళ్ళాడు. పొట్లం అందించాడు. బుల్లమ్మ సగం ఉంచుకుని సగం తిరిగి ఇచ్చింది.

"రేపటేల నుంచి నిన్నెవులడుగుతారు బాబూ, తిన్నావేటని?"

ఆయన కళ్ళు తుడుచుకుంటూ గదికి వచ్చి గొడుగు తీసుకున్నాడు. చీల ఖాళీ అయింది. మరిడమ్మ దగ్గరినుంచి ఎముకను అడిగి తీసుకుని దానికి తగిలించాడు.

"ఇది తియ్యకే మరిడమ్మా. బుల్లమ్మది."

"సరే బాబూ" అని ఆమె తలుపు దగ్గరగా వేసింది. గొడుగు ఊతంగా చేసుకుని ఆయన గేటు దాటి, జనంలో పడి కోటవైపు పోయాడు.

గదిలో చీలకి చేపదవడ వేలాడుతోంది. దాని పళ్ళ సందున పాత పత్తిపోగు ఒకటి ఇంకా ఇరుక్కునే ఉంది.