ముక్తినాథ్ నుంచి ఒక్క రింగు

ఇచ్చోడలో వంశీధర్‌రావు ఇంట్లో ఫోను మోగినంత మాత్రాన ఎత్తాలని లేదు. చేను దగ్గరి నుంచి ఒక్క రింగు వచ్చిందంటే క్షేమంగా చేరుకున్నారని లెక్క. ఎత్తినవాళ్ళకు చీవాట్లే. నేపాల్‌కు బయలుదేరేముందు భార్య మధులికకు కూడా అతను ఆ లెక్కే చెప్పాడు.

"ఆడ కొండలల్ల కరెంటు ఉంటదో ఉండదో. మాట్లాడితే చార్జింగ్ ఒడుస్తది. ఒక్క రింగు కొడ్త, ఎత్తకు. మంచిగున్ననన్నట్టు."

ముక్తినాథ్ మొక్కు అతని తల్లి లీలాబాయిది. ఆమె మంచాన పడింది కాబట్టి కొడుకు పోతున్నాడు. మధులిక వంటింట్లో ఉన్నప్పుడు లీలాబాయి కొడుకును దగ్గరకు పిలిచింది. "గా గుడి ఎనుక నూటెనిమిది నీళ్ళ ధారల చప్పుడు ఫోన్ల జర నా చెవుల పడెయ్, బిడ్డా. గంతే చాలు." సరేనన్నాడు. ఆ మాట భార్యకు చెప్పడం మాత్రం ప్రయాణపు హడావిడిలో మరిచాడు మహానుభావుడు. చార్జర్లు మరవలేదు.

కొండమీద మంచు కురిసి కరెంటు పోయింది. బసలోని సోలార్ కరెంటు దీపాలకే సరిపోలేదు. పవర్‌బ్యాంకు దారిలోనే ఖాళీ అయింది. మిగిలిన కాస్త చార్జింగూ చలికి పోతుందేమోనని ఫోనును బనీనులో దాచుకుని గుడికి ఎక్కాడు.

గుడి వెనక ధారలు హోరుమంటున్నాయి. స్నానం సంగతి పక్కనపెట్టి ఇంటికి ఫోను కలిపి, నీళ్ళ దగ్గరగా పట్టుకున్నాడు. మోగుతూనే ఉంది.

"ఎత్తు మధూ, జర ఎత్తు," అన్నాడు. ఎత్తవద్దన్నది తనేనని అప్పుడు గుర్తొచ్చింది. మళ్ళీ చేయబోతే ఫోను ఆరిపోయింది.

మర్నాడు కొండకింది ఊరు జోమ్‌సోమ్‌కు దిగి, హోటల్లో చార్జింగ్ పెట్టి ఇంటికి చేశాడు. వెంటనే ఎత్తింది మధులిక. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"అత్తమ్మ పొద్దుగాల పోయింది. మీకు ఎన్నిసార్లు చేసినా కలువలే."

అతను గోడకు ఆనుకున్నాడు.

"నిన్న మీ రింగు రాంగనే దర్శనమైందని చెవుల చెప్పిన. ఫోను ఇయ్యమని చెయ్యి చాపింది. మీరు ఎత్తకంటిరని, మోగుడు ఆగినంక ఇచ్చిన. చెవికి ఆన్చుకొని శానాసేపు అట్లనే ఉన్నది. ఎందుకో నాకు సమజ్ కాలే. నేనేమన్న తప్పు చేసిన్నా?"

తల్లి అడిగిన ధారల సంగతి నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాడు.

"లే. మంచిగున్ననని చెప్పనీకే చేసిన," అన్నాడు.