బుధవారం మొగుడు

బుధవారం సాయంత్రం మా ఇంట్లో రోకలి చప్పుడు వినిపించదు. మిగతా రోజుల్లో పొద్దు వాలేసరికి ఉడికిన పెండలం దుంపలు రోట్లో వేసి, భుజాలు ఊడేదాకా దంచి, చెయ్యి తడుపుకుంటూ నున్నగా ముద్ద చేసి మా ఆయన లూకూ ముందు పెట్టాలి. పంటికి చిన్న పలుకు తగిలినా "ఏమే అమెనాన్, రాళ్ళు కూడా కలిపావా?" అంటాడు. బుధవారం ఒక్కరోజు మాత్రం రోలు బోర్లించి ఉంటుంది. లూకూ మధ్యాహ్నం మిగిలిన ముద్దే తిని, దిండు చంకన పెట్టుకుని, వీధి చివర వాళ్ళన్న బ్రూ ఇంటికి పడుకోవడానికి పోతాడు. ఆ రాత్రి నా ఇంకో మొగుడు వస్తాడు మరి.

మా బావులే తెగవాళ్ళలో ఇది సిగ్గుపడాల్సిన సంగతి కాదు. పుట్టకముందు అందరం ఆవలి ఊళ్ళో కాపురాలు చేసినవాళ్ళమే. మా అత్తయ్య దుంపలు చెక్కుతూ ఆ కథ చెబితే కోడళ్ళందరం కత్తులు పక్కన పెట్టి నవ్వేవాళ్ళం. "పొయ్యి మీద కుండ పెట్టి, కాస్త చూస్తూ ఉండు ఇప్పుడే వస్తానని అక్కడి మొగుడితో చెప్పి, ఇటొచ్చి పుట్టేశామే. వాడు పాపం గరిటె పట్టుకుని ఇంకా అక్కడే కూర్చున్నాడు. కోపం రాదూ? ఇక్కడ ఇంకోడి పక్కన పడుకున్నావని తెలిస్తే ఒళ్ళు మండదూ?" అనేది. ఒళ్ళు మండితే వాడు జ్వరం తెప్పిస్తాడు, కడుపు నిలవనివ్వడు, కలలోకొచ్చి పీడిస్తాడు. అప్పుడు వాడి రూపం కొయ్యలో చెక్కించి, ఇంట్లో చోటిచ్చి, వారంలో ఒక రాత్రి వాడికి విడిచిపెట్టాలి. కూర్చోడానికి పీట దొరికితే ఎవరైనా కాస్త నెమ్మదిస్తారు కదా. మగవాళ్ళకీ ఆవల పెళ్ళాలుంటారు గానీ, వాళ్ళ గోల వేరు.

నా సంగతి మా అమ్మాయి అహూ పుట్టిన తరవాత బయటపడింది. వరసగా రెండు కడుపులు పోయాయి. లేస్తే కళ్ళు తిరిగేవి. "పని ఎగ్గొట్టడానికి ఇదొక జ్వరం" అని ఇదే అత్తయ్య. "మా అమ్మ పొలంలో కని, సాయంత్రానికి కట్టెలు మోసుకొచ్చింది" అని లూకూ. చివరికి, పొలం పని ఆగిపోతోందని కాబోలు, నన్ను సోదె చెప్పే ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆమె గంట మోగించి, ఆడి, చెమటలు కక్కి, వచ్చి నా చేతులు పట్టుకుంది. అరచేతులు తిప్పి చూసింది. రోకలి కాయలు, జీడిపిక్కల సొన కాల్చిన మచ్చలు. వాటిని బొటనవేలితో తడిమింది. తరవాత లూకూ వైపు తిరిగి, "ఆవలాయన బుధవారాలు అడుగుతున్నాడు. ఆ రోజు ఈ పిల్లని ఎవరూ తాకకూడదు. పని కూడా చెప్పకూడదు, ఆయనకి చప్పుడు గిట్టదు" అంది.

మా పద్ధతి ప్రకారం బొమ్మ చెక్కించి తేవాల్సింది లూకూనే. తన సవతి మగాణ్ణి తనే చెక్కించుకోవాలన్నమాట. శిల్పి దగ్గర కూర్చుని, "కాస్త అనాకారిగా చెయ్యి బాబాయ్" అని బతిమాలాడట. "అందంగా లేకపోతే ఆయన వచ్చి కూర్చోడురా. కూర్చోకపోతే తిరుగుతాడు. తిరిగితే నీకే నష్టం" అన్నాడట ముసలాయన. అలా వచ్చాడు మా ఇంటికి, జానెడున్నర మనిషి. పొడుగు మెడ, అల్లిన గడ్డం, వంచిన కళ్ళు, మంచి తిండి తిన్నట్టు నిండైన పిక్కలు. లూకూ తన కాలు ఆయన కాలు పక్కన పెట్టి చూసుకుని ఆ రోజంతా కాళ్ళు కప్పుకునే తిరిగాడు. ఆయన ముందు పెండలం ముద్దలో పామాయిలు కలిపి, పైన ఉడికించిన గుడ్డు పెడితే అత్తయ్య మూలిగేది: "చెక్కోడికి గుడ్డూ, నా కొడుక్కి చేప తోకా!"

ఆయన నిజంగా వస్తాడా అని మా అహూ పెద్దపిల్లయ్యాక ఓసారి అడిగింది. పిల్లతో అన్నీ చెప్పలేం కదా, కొంత చెప్పాను. ముందు వాన కురవబోయే ముందరి మట్టి వాసన వస్తుంది. తరవాత పాదాల దగ్గర పరుపు కాస్త కుంగుతుంది. షియా గింజల నూనె చేతికి రాసుకుని మడమల పగుళ్ళ దగ్గర మొదలుపెడతాడు. తొందరేం ఉండదు ఆయనకి, ఆవలి ఊళ్ళో పొద్దు వాలడమే లేదట. పిక్కలు, మోకాళ్ళ వెనక మెత్తన, నడుము, వెన్నుపూస ఒక్కొక్కటే, పిల్లలు గవ్వలు ఏరుకున్నట్టు. నేను వద్దంటే ఆగిపోతాడు. ఊఁ అంటేనే కదులుతాడు. మెడ దగ్గరికొచ్చేసరికి నా ఒళ్ళు నాదే అని తెలుస్తుంది. అప్పుడు చెవి దగ్గర అడుగుతాడు, ఇవాళ ఏం చేశావు అని. నేను చెబుతాను. తోటలో ఏరిన పిక్కలు, విరిగిన చట్టి, అత్తయ్య అన్న మాట, అన్నీ. మధ్యలో ఆవులించడు. చెప్పడం పూర్తయ్యేలోగా నాకే నిద్ర పట్టేస్తుంది. లూకూతో ఇన్నేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వినలేదు. మిగతాది అహూకి చెప్పలేదు. అది మాత్రం ఒళ్ళంతా చెవులు చేసుకుని విని, "అమ్మా, నాకు ఇక్కడి మొగుడు వద్దు, అలాంటివాణ్ణే చెక్కించు" అంది. నవ్వాను గానీ చుట్టూ చూశాను. అలాంటి మాటలు ఎవరైనా వింటారేమోనని.

నాకు భయం ఎక్కువ. ఫోను మోగితే చావు కబురే అనుకుంటాను. అహూకి పెళ్ళయి బువాకే పట్నం వెళ్ళాక ఆ భయానికి ఇల్లూ వాకిలీ దొరికాయి. దానికి మొదటి కాన్పు ఏడో నెలలో పోయింది. మళ్ళీ ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. ఫోనులో "కాళ్ళు వాచాయమ్మా, చెప్పులు పట్టడం లేదు" అంటే నాకు ముద్ద దిగదు. కాన్పుకి నా దగ్గరికి తెచ్చుకోవాలి. నా చేతులతో దానికి నీళ్ళు పొయ్యాలి. అదొక్కటే నా ఆశ.

సరిగ్గా అప్పుడే లూకూ కొత్త ప్రార్థన మందిరంలో చేరాడు. పాస్టరు సముద్రం వైపు నుంచి వచ్చినవాడు, మావాడు కాదు. ఇళ్ళలోని కొయ్య బొమ్మలన్నీ ఆదివారం మందిరం వాకిట్లో కాల్చెయ్యాలన్నాడట. లూకూ ముఖంలో ఇన్నేళ్ళుగా లేని వెలుగు. వాళ్ళన్న ప్రతి బుధవారం, "ఏరా తమ్ముడూ, చెక్కోడు ఇవాళ కూడా గెంటేశాడా?" అని గుమ్మంలోనే పలకరిస్తాడు. ఆ పలకరింపులన్నిటికీ జవాబు దొరికినట్టుంది.

"ఇవ్వను" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"ఇవ్వవా? సరే. ఆ కొయ్య ఇంట్లో ఉండగా అహూ ఈ గడప తొక్కదు" అన్నాడు, తాపీగా పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. "అల్లుడితో మాట్లాడేశాను. పోయినసారి బిడ్డ పోయింది దేనివల్ల అనుకున్నావే? పాస్టరుగారు అడిగీ అడగ్గానే చెప్పారు. నీ చెక్కోడే మింగాడు."

అక్కడ పొడిచాడు. ఎక్కడ పొడిస్తే దిగుతుందో మొగుళ్ళకి తెలుస్తుంది. నిజమేనేమో అనిపించింది. మరుక్షణం, కాలిస్తే ఆవలాయనకి కోపం వచ్చి ఈ బిడ్డనీ ఏమైనా చేస్తాడేమో అనిపించింది. ఉంచితే ఒక భయం, ఇస్తే ఇంకో భయం. ఆ రెండింటి మధ్య రోట్లో దుంపలా నేను. అత్తయ్యతో చెబుదామని వెళ్ళాను. ఆమె ఇప్పుడు మంచం పట్టి ఉంది. "పిల్లని తెచ్చుకోవే. మన రాత్రులు ఎప్పుడు మనవయ్యాయి గనక?" అని గోడ వైపు తిరిగింది. ఆమె గొంతులో వెటకారం లేకపోవడం అదే మొదటిసారి.

ఇచ్చేశాను. శనివారం ఆయనకి నూనె రాసి, గడ్డం అల్లికల్లో దుమ్ము పుల్లతో తీసి, నా మంచి బట్టలో చుట్టాను. నన్నేమైనా చెయ్యి, పిల్లజోలికి వెళ్ళకు అని చెప్పుకున్నాను. ఆయన ఎప్పటిలాగే కళ్ళు వంచుకుని విన్నాడు. ఆదివారం లూకూ ఆయన్ని చంకలో పెట్టుకుని, సంతకి కోడిపుంజుని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాడు. ఏళ్ళ తరబడి నూనె తాగిన కొయ్య, మిగతావాటికంటే ముందే భగ్గుమంది. అంతటా షియా నూనె వాసన. ఆ వాసన నా ఒంటిదని అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలిసిపోయినట్టు, పట్టపగలు నలుగురిలో నన్నెవరో బట్టలిప్పి నిలబెట్టినట్టు, తల దించుకున్నాను. ఏడవలేదు. ఏడిస్తే ప్రార్థన వల్ల దయ్యం వదిలిందని చప్పట్లు కొడతారు. ఇంటికొచ్చి దుంపలు దంచాను. "ఇవాళ ముద్ద బాగా కుదిరింది" అన్నాడు లూకూ.

మంగళవారం అహూ వచ్చింది. బస్సు దిగలేక దిగింది. దాని కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిసుకుతుంటే వేలు పెట్టినచోటల్లా గుంట పడుతోంది. ఏదో అవుతుంది, ఏదో అయి తీరుతుంది అని నా లోపల ఒకటే జపం. "అమ్మా, మొహం అలా పెట్టకు, నాకు భయమేస్తోంది" అంది పిల్ల.

బుధవారం వచ్చింది. రోలు బోర్లించడానికి ఇక లేదు కదా. పొద్దు వాలుతుండగా అహూ వాకిట్లో చాప మీద ఒరిగి ఉంది, నేను దంచుతున్నాను. బ్రూ ఇంట్లో ఉంచిన తన దిండు, దుప్పటి, పళ్ళపుల్ల, ఆఖరికి అక్కడి చెప్పులు కూడా మోసుకుని లూకూ వస్తున్నాడు. వీధి పొడుగునా అందరికీ కనబడేలా, మెల్లగా.

"మంచం దులిపి పక్క వెయ్యవే. ఇవాళ్టి నుంచి ఏడు రోజులూ మనవే" అన్నాడు గడపలోనే, పిల్ల వింటోందని కూడా చూడకుండా.

నా చేతిలో రోకలి ఆగిపోయింది. ఆదివారం నుంచీ నేను దాచుకున్న భయం అప్పుడు బయటికొచ్చింది. ఎత్తు వేసి అన్నది కాదు. ఒట్టు.

"లూకూ, నువ్వు కాల్చింది పీటనయ్యా" అన్నాను. "ఆయన్ని కాదు. ఆయన కాలడు. కూర్చోడానికి చోటుండేది, ఒక రోజుండేది. ఇప్పుడు ఆ రెండూ లేవు. ఇప్పుడు ఆయన ఎక్కడ కూర్చుంటాడు? ఏ రోజని వస్తాడు?"

లూకూ నవ్వబోయాడు. పాస్టరుకి తెలియదు సరే, తను బావులే తల్లి కడుపున పుట్టినవాడే కదా. శిల్పి అన్న మాట విన్నది తనే కదా. నవ్వు సగంలో ఆగింది.

"ఆదివారం పడుకున్నానుగా ఇక్కడ. ఏం కాలేదు."

"సోమవారం?"

సోమవారం రాత్రి పిక్క పట్టేసి మంచం మీద లేచి కూర్చుని కేకలు పెట్టాడు. అది నేను గుర్తుచెయ్యలేదు. తనే వంగి తన కాలు చూసుకున్నాడు. తరవాత తలుపు సందులోంచి చీకటి పడుతున్న గదిలోకి, మంచం వైపు చూశాడు. దిండు గుండెకి హత్తుకున్నాడు.

"నాన్నా, మట్టి వాసన వస్తోంది కదూ?" అంది అహూ చాప మీద నుంచి, కళ్ళు మూసుకునే. వాన మబ్బేమీ లేదు. దాని వాచిన కాళ్ళు నా రోలు పక్కనే ఉన్నాయి. అది ఆటకి అందో, నిజంగానే వచ్చిందో నేను అడగలేదు.

లూకూ చెప్పులు కుడీ ఎడమా తారుమారుగా వేసుకున్నాడు. దిండు, దుప్పటి, పళ్ళపుల్ల మళ్ళీ పోగుచేసుకున్నాడు. వీధిలోకి రెండడుగులు వేసి ఆగాడు. వాళ్ళన్న గుమ్మంలో ఏమంటాడో ఊహించుకుంటున్నాడేమో. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి గొంతు తగ్గించి అడిగాడు.

"మరి నన్ను మళ్ళీ ఎప్పుడు రమ్మంటావ్?"

రోలు పక్కకి ఒరగదోసి, చేతులు కడుక్కుని, పిల్ల కాళ్ళు ఒళ్ళోకి తీసుకున్నాను.

"నాకేం తెలుసు?" అన్నాను. "ఆవలాయన్ని అడిగి చెప్తాను."