కిర్రుమనే స్టూలు

బావ కార్లకు రంగులేసే షెడ్డులో ముగ్గురూ కలిసి బ్యాండు పెట్టినప్పుడు వాళ్లకు వచ్చింది గోల ఒక్కటే. బావమరిది గిటారు వాయిస్తూ పాడేవాడు. మౌని అని పేరుపడ్డ స్నేహితుడు బేస్ గిటారు పట్టాడు. షెడ్డు బావది కాబట్టి డ్రమ్స్ కూడా బావవే. కాదనే దమ్ము ఎవరికుంది?

బావ కూర్చునే ఇనప స్టూలుకు ఒక జబ్బు. చరణం నుంచి పల్లవికి తిరిగే ముందు ఆయన వెనక్కి వాలగానే అది కిర్రుమనేది. అది విని మిగతా ఇద్దరూ అందుకునేవారు. లెక్కపెట్టుకుని అందుకోవడం వాళ్లు నేర్చుకోనేలేదు.

రానురాను పాటలు నెమ్మదించాయి. అరుపులు తగ్గి మాటలు వినపడసాగాయి. చిన్న చిన్న కాఫీ హోటళ్లవాళ్లు పిలిచారు. తీరా ఆ స్టూలుతో సహా స్టూడియోకెళ్లి మొదటి ఆల్బమ్ రికార్డు చేశాక స్టూడియో అతను పెదవి విరిచాడు.

"డ్రమ్స్ వెనకబడుతున్నాయి. అవే బీట్లు మెషిన్‌తో వేయించేద్దాం. ఆయనకి తెలీదులే."

మౌని ఎప్పటిలాగే మాట్లాడలేదు. బావమరిది "సరే" అన్నాడు. పెద్దాయన, పైగా అక్క మొగుడు, మొహం మీద ఎలా చెప్తాం అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. పిరికివాళ్లకు మర్యాద భలే అక్కరకొస్తుంది.

ఆల్బమ్ వచ్చాక బావ కాలు నేల మీద నిలవలేదు. రంగు ఆరేదాకా ఆగిన ప్రతి కారు యజమానికీ వినిపించాడు.

"ఇంత బాగా వాయించానని నాకే తెలీదురా! మీ అక్క ఇన్నేళ్లకి నా డ్రమ్స్‌ని చప్పుడు అనడం మానేసింది. వంట చేస్తూ కూడా అదే పెట్టుకుంటోంది."

అక్కకు మొహం చూపించలేక బావమరిది ఆ ఇంటికి వెళ్లడమే మానుకున్నాడు.

ఆల్బమ్ పాటలతో ఒక కచేరీ కుదిరింది. దానికి ముందు షెడ్డులో రిహార్సల్ పెట్టుకున్నారు. అచ్చం ఆల్బమ్‌లో ఉన్నట్టే వాయించాలని సాధన చేసి చేసి, బావ వేళ్లకు ప్లాస్టర్లు చుట్టుకుని వచ్చాడు. మొదటి పాట సాఫీగా నడిచింది, పల్లవి దాకా. అక్కడ గిటారు అందుకోలేదు, బేసూ అందుకోలేదు. ఇద్దరూ బిక్కమొహాలేసుకుని నిలబడ్డారు.

"ఏమైందిరా?"

"స్టూలు కిర్రుమనలేదు బావా."

"నూనె వేశాగా! రికార్డులో ఎక్కడా ఆ కిర్రు లేదు. దాన్ని తీసేయడానికి ఎన్ని తంటాలు పడ్డారో పాపం. స్టేజి మీద నా వల్ల మీకు తలవంపులెందుకని..."

బావమరిదికి తల కొట్టేసినట్టయింది. ఇంకొక్క మాట వింటే అక్కడ నిలబడలేననిపించింది.

"రికార్డులో వాయించింది నువ్వు కాదు బావా, మెషిన్. నేనే సరేనన్నాను."

బావ మౌని వైపు చూశాడు. మౌని నేలచూపులు చూస్తున్నాడు. బావ స్టిక్స్ రెండూ ఒళ్లో పెట్టుకుని, ఊడిపోతున్న ప్లాస్టరొకటి మెల్లగా అదిమి అంటించుకున్నాడు. తిట్టినా బాగుండునని బావమరిది ఎదురుచూశాడు.

"మీ అక్కకి మాత్రం చెప్పకురా," అన్నాడు బావ.