రచయిత అనుమతి

మా డిజిటల్ గ్రంథ భాండాగారం రేపు అందరికీ తెరుచుకుంటుందని డైరెక్టర్ గారి మెయిల్ వచ్చేసరికి మేం ముగ్గురం శిక్షణ గదిలోనే ఉన్నాం. సంస్థలో రాసిన పరిశోధన గ్రంథాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం సిబ్బందికి నేర్పే పని నాది. తెరిచేలోగా తలా ఒకటి ఎక్కించాలి.

"కొత్త పెళ్లికూతురు అడుగుపెట్టిన వేళ! స్వీట్లెప్పుడమ్మా?" అన్నాడు పుస్తకాలకు అట్టలు కట్టే బైండర్ బాబాయి, నా కొత్త పెళ్లిని గుర్తుచేస్తూ.

"మీరు ఒక్క ఫైలు తిన్నగా ఎక్కించండి బాబాయ్, మా ఆయన చేతే చేయించి తెస్తా."

"అయితే తిన్నట్టే!"

నాకు నవ్వాగలేదు. కేటలాగ్ అక్క మాత్రం తలెత్తలేదు. నేర్చుకోవడానికి పెట్టిన ప్రాక్టీసు సైటులో ఆమె రోజూ ఒకే గ్రంథం ఎక్కించేది. నిరుడు చనిపోయిన వాళ్లాయనది. సాయంత్రానికి ఆ సైటు ఖాళీ అయ్యేది. పొద్దున్నే మళ్లీ ఎక్కించేది. మేమెవరం ఏమీ అనేవాళ్లం కాదు.

"అక్కా, ఇక అసలు సైటు. మొదటిది బావగారిదే," అన్నాను.

పేరు, సంవత్సరం, విషయం చకచకా నింపింది. అనుమతి దగ్గర చెయ్యి ఆగింది. ప్రాక్టీసులో ఎప్పుడూ 'రచయిత అనుమతి ఇచ్చారు' అన్న గడిలో టిక్కు పెట్టేది. అక్కడ ఏం పెట్టినా చెల్లేది. ఆ గడి కిందిది, 'రచయిత జీవించి లేరు, వారసుల అనుమతి ఉంది.'

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేను పెట్టనా అక్కా?"

"వద్దు."

కింది గడిలో తనే పెట్టింది. ముఖంలో ఏమీ కదల్లేదు. వారసుల పేర్లు అడిగింది తెర. తన పేరు కొట్టి ఆగిపోయింది.

"మా అమ్మాయిదీ కావాలా?"

"కావాలక్కా. ఒప్పుకున్నట్టు సంతకం కూడా."

"ఇంట్లో మేం ఆయన మాటెత్తం. అది వాళ్ల నాన్న ఫోన్‌కి ఇంకా ఛార్జింగ్ పెడుతుంది. నేను చూడనట్టు ఊరుకుంటా."

ఆమె కొట్టినదంతా చెరిపేసింది.

"అయ్యో, ఎందుకక్కా?"

"రేపు దాన్ని కాలేజీ మాన్పించి తీసుకొస్తా. ఆఫీసు తలుపులు తీయగానే, సైటు అందరికీ తెరవకముందే. దాన్ని ఈ కుర్చీలో కూర్చోబెట్టి నేర్పు. పేరు దగ్గర్నుంచి అదే కొడుతుంది, నేను పక్కన ఉంటా."