ఊరికే వచ్చినవాళ్ళు

“ఒక్క నిమిషం సార్, ఇవాళ ఈ వీధికి ఎందుకొచ్చారు?”

సంచీ పట్టుకున్న మనిషి చెయ్యి అడ్డంగా ఊపి, అడుగు ఆపకుండా వెళ్ళిపోయాడు. ఆమె నొచ్చుకోలేదు. నుదుటిమీదికి జారిన ఎండటోపీని వెనక్కి నెట్టుకుని, వెనకాలే వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళ వైపు తిరిగింది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. ఊరికే వచ్చామన్నారు. చేతిలోని ట్యాబులో ‘ఊరికే’ అన్న గడి లేదు. కొనడానికి, తినడానికి, పనిమీద, ఇతరములు. ఆమె ‘ఇతరములు’ నొక్కింది.

పాతబజారు మొదట్లో ఏళ్ళుగా మూతబడి ఉన్న సినిమాహాలును బాగుచేసి పెద్ద బట్టలషాపు పెట్టారు. దాని ముందునుంచి వీధి సగందాకా నున్నటి రాతిపలకలు పరిచి, దీపాలు నిలబెట్టారు. పెద్దషాపుకి జనం వస్తే చుట్టూ ఉన్న చిన్న కొట్లకీ ప్రాణం వస్తుందని పురపాలక సంఘం ఆశ. వచ్చిందో లేదో తేల్చే పని ఒక సంస్థకి అప్పజెప్పారు. ఆ సంస్థ తరఫున ఎండలో నిలబడే మనిషి ఆమె. వీధివాళ్ళు ప్రశ్నలక్క అంటారు. “నీ ప్రశ్నలు గుమ్మం బయటే వదిలి రా” అని భర్త రోజుకొకసారైనా అనందే అన్నం ముట్టడు.

ఈ వీధి ఆమెకి కొత్తది కాదు. పెళ్ళికి ముందునుంచీ ఇక్కడే ఒక బట్టలకొట్లో గుడ్డ చింపింది. కత్తెర పట్టీ పట్టీ బొటనవేలి పక్కన కాచిన కాయ ఇప్పటికీ పోలేదు. ఊరి బయట పెద్ద మాల్ వచ్చాక కొట్టు ఈగలు తోలుకుంది. ఒక సాయంత్రం యజమాని ఆమె మొహం చూడకుండా, మాటైనా చెప్పకుండా షట్టరు దించేశాడు. పని పోయినందుకు కాదు, ఆ మాట రానందుకే ఆమె మనసు విరిగింది. ఆ తర్వాత హాస్టల్లో వంట చేసింది, ఇంట్లో కుట్టుమిషను తొక్కింది, కూతుర్ని నర్సుని చేసింది. బజారుకి రావలసివస్తే చుట్టు తిరిగి పక్కవీధిలోంచి వెళ్ళేది.

మధ్యాహ్నం సూపర్వైజరు వచ్చాడు. కుర్రతనం పోని మొహం, చెమటకి తడిసిన కాలరు. ‘ఇతరములు’ బాగా పెరిగిపోతున్నాయని పైవాళ్ళు గొణుగుతున్నారట. కొనేవాళ్ళు కనబడకపోతే మిగతా సగం వీధికి మంజూరు రావడం కష్టమట.

“కొనకపోయినా వస్తున్నారు కదా బాబూ. ఇదివరకు ఇక్కడ ఊరికే నడిచేవాళ్ళు కూడా లేరు” అంది ఆమె.

అతను ఆలోచనగా తలూపాడు. నిన్న వాళ్ళమ్మ కూడా వచ్చి, చిల్లిగవ్వ ఖర్చుపెట్టకుండా సాయంత్రమంతా తిరిగి, చాన్నాళ్ళకి నవ్వుతూ ఇల్లు చేరిందట. “నాకూ అదే అనిపిస్తోందక్కా. దానికి వేరే గడి పెట్టమని అడుగుతాను” అని వెళ్ళాడు.

పొద్దు వాలాక చేతికర్ర పొడుచుకుంటూ ఆమె పాత యజమాని వచ్చాడు. రోజూ వస్తాడు. పెద్దషాపు దాటి, దీపాలు ఆగిపోయేచోటుదాకా నడిచి, తిరిగి వెళ్తాడు. ఆయన్ని చూస్తే ఆమె ట్యాబులోకి తల దించేసేది. ఇంతమందికొకరిని అడగాలన్న లెక్కలో ఇవాళ వంతు సరిగ్గా ఆయనకే తగిలింది. వంతు వచ్చినవాళ్ళని వదలకూడదు.

“బాబాయిగారూ, ఇవాళ ఈ వీధికి ఎందుకొచ్చారు?”

“ఊరికేనని రాసుకో అమ్మాయ్.” రెండడుగులు వేసి ఆగాడు. “కాదులే. నీకోసమే వస్తున్నాను. నువ్వే నన్ను తప్పించుకుంటున్నావు.”

ఆమె ట్యాబు దించి ఆయన మొహంలోకి చూసింది.

“ఆ రోజు నీకేం చెప్పాలో నాకు నోరు రాలేదమ్మా” అన్నాడాయన. ఆపైన అసలు సంగతిలోకి వచ్చాడు. పెద్దషాపులో ప్యాంట్లు కొన్నవాళ్ళు పొడుగు తగ్గించేవాళ్ళెక్కడున్నారని దారినపోయే తనని అడుగుతున్నారట. కొట్టు ముందరి భాగం ఖాళీగా పడి ఉంది. మిషను వేసుకుంటుందా? తన కూతురితో కూడా చెప్పి ఉంచాడట.

పని ముగించి ఆమె ఆయన వెంట నడిచింది. రాతిపలకలు అయిపోయి గతుకుల నేల మొదలైంది. కొట్టు దగ్గర ఆయన చేతికర్ర గోడకి ఆనించి, తాళం తీసి, షట్టరు కింద చేతులు పెట్టాడు. ఆమె రెండో పక్క పట్టింది. తుప్పు కీచుమంటూ షట్టరు పైకి లేచింది. లోపల దుమ్ము, ఆ దుమ్ము కింద ఇంకా చావని కొత్తగుడ్డ గంజివాసన. ఆమె బల్లమీద అరచెయ్యి వేసింది. గుడ్డ లాగీ లాగీ నునుపు తేలిన చోటు చేతికి తగిలింది. కళ్ళు చెమర్చాయి, నవ్వూ వచ్చింది.

“మిషను వాకిట్లో వెయ్యి. వెలుతురుంటుంది” అన్నాడాయన.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, పాత కొనుగోలుదార్ల వేళాకోళాలు చెబుతూ తన ఇంటిదాకా నడిచాడు. చేతికర్ర సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఆ రాత్రి నిద్రలోనే ఆయన పోయాడు. కొన్నాళ్ళకి ఆయన కూతురు వచ్చి, నాన్న ఇచ్చిన మాటంటూ కొట్టు తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది.

సర్వే ముగిసేలోగా ట్యాబులో ‘ఊరికే’ గడి వచ్చింది. మిగతా సగం వీధికి మంజూరూ వచ్చింది. రాతిపలకలు కొట్టు గుమ్మందాకా పాకేసరికి ఆమె వాకిట్లో మిషను వేసేసింది. ప్యాంట్ల సంచులతో వచ్చేవాళ్ళు వస్తున్నారు, ఊరికే వచ్చి కబుర్లు చెప్పి పోయేవాళ్ళూ వస్తున్నారు. ఎవరొచ్చినా ఆమె కూర్చోమంటుంది. ఎందుకొచ్చారని మాత్రం అడగదు.

షట్టరు పక్కన గోడకి ఆనించినది ఆనించినట్టే, పిడి దగ్గర చేతి చెమటకి నల్లబడిన ఆ కర్ర ఉంది.