నయం అని రాసిన పేర్లు

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆ చిన్న మిషను దవాఖానాలో ఒక పాత అలవాటు ఉండేది. మందు తీసుకుని పోయిన మనిషి ఎనిమిది రోజుల్లో తిరిగి రాకపోతే, రిజిస్టరులో అతని పేరు పక్కన 'నయం' అని రాసేవారు. దాన్ని ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. "తగ్గనోడు రాకుంటడా? రాలేదంటే లేచి చేన్ల పడ్డట్టే," అనేవాడు పుండ్లకు కట్లు కట్టే డ్రెస్సరు పగిడయ్య. నర్సు లిదియా కూడా మూడేళ్ళుగా తన గుండ్రటి అక్షరాలతో అలాగే రాస్తూ వచ్చింది.

ఎనభై ఆరు వానాకాలంలో డాక్టరు వెంకటరామారావు ఒక ఇంగ్లీషు వైద్య పత్రిక పట్టుకుని హుషారుగా వచ్చాడు. మలేరియాకు మూడు రోజులు వేసే మాత్రలు ఒక్క రోజు వేస్తే చాలని, నూటికి తొంభై ఆరుగురికి తగ్గిందని అందులో వ్యాసం. వాగులు దాటి వచ్చే జనాన్ని మూడేసి రోజులు వరండాలో పడుకోబెట్టడానికి ఆయనకు ఎప్పుడూ మనసొప్పేది కాదు. మర్నాటినుంచే ఒక్క రోజు మందు మొదలైంది. జనం ఆ పూటే ఇళ్ళకు మళ్ళారు. రెండు నెలలయ్యాక ఆయన రిజిస్టరు తెప్పించి చూశాడు. పేజీ నిండా నయం, నయం. పత్రిక చెప్పినట్టే జరిగిందని పొంగిపోయాడు.

లిదియాకు మాత్రం కంట్లో నలుసు పడ్డట్టుగా ఉంది. తగ్గినవాళ్ళు ఆదివారం సంతలో కనబడి పలకరించేవాళ్ళు. ఈ ఏడు ఆ మొహాలు తక్కువయ్యాయి. మధ్యాహ్నం పూట పత్రిక అడిగి తీసుకుని, నర్సింగు చదివినప్పటి డిక్షనరీ పక్కన పెట్టుకుని, మాటకు మాట వెతుక్కుంటూ నాలుగు రోజులు చదివింది. పట్టిక కింద చీమతలకాయలంత అక్షరాల్లో ఒక వాక్యం దొరికింది. మందు తీసుకున్నది రెండు వందల మంది. మళ్ళీ రాని అరవై మందిని లెక్కలోంచి తీసేశారు. ఆ రెండు వందల మందీ పెద్ద పట్నంలో ఆసుపత్రి చుట్టుపక్కలవాళ్ళే.

డాక్టరుకు చూపించింది. ఆయన విసుక్కోలేదు. రానివాళ్ళను ఏ లెక్కలో వేస్తారు తల్లీ అన్నాడు. మన రిజిస్టరు ఉందిగా, నీ చేత్తో నువ్వే రాశావుగా అన్నాడు. ఆమె పత్రికను ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది.

"అచ్చుల పడ్డదాన్ని, డాక్టరు చదివినదాన్ని, మల్ల నువ్వు చదువుడేంది పిల్లా," అని పగిడయ్య నవ్వాడు.

మూడోనాడు వాగు కాస్త తీయగానే అవతలి తండానుంచి రూప్లి అనే ఆమె వచ్చింది. భుజాన ఆరేళ్ళ కూతురు, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఆ నెల మొదట్లో ఇదే జ్వరంతో రూప్లి మొగుడు బద్యా వచ్చిపోయాడు. డాక్టరు ఒక్క రోజు మాత్రల పొట్లం అందుకుంటుంటే, బద్యా ఎట్లున్నడని లిదియా అడిగింది.

రూప్లి పిల్లను ఇటు భుజం మీదినుంచి అటు భుజం మీదికి మార్చుకుంది.

"లేడు సిస్టరమ్మా. పది రోజులాయె. మీ గోలీలు మింగినంక నాలుగు రోజులు మంచిగనే ఉండె. మల్ల సలి పట్టింది. వాగు నిండుగ పారవట్టె. ఎట్ల తెస్తం?"

డాక్టరు చేతిలో పొట్లాన్ని కింద పెట్టి, పిల్లను మూడు రోజులు ఇక్కడే ఉంచమన్నాడు. తర్వాత పత్రిక తీసుకుని పట్టిక కింది వాక్యం దగ్గర వేలు పెట్టి కూర్చున్నాడు.

లిదియా పిల్లకు మందు వేసి, పేరు రాయడానికి రిజిస్టరు తెరిచింది. రూప్లి వంగి చూసింది.

"ఇండ్ల మా ఆయన పేరుందా?"

లిదియా పేజీ తిప్పి చూపించింది. చదువు రాని రూప్లి ఆ పేరును వేలితో మెల్లగా తడిమింది. వేలు పక్క మాట దగ్గర ఆగింది.

"ఇదేంది?"

లిదియాకు అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"తగ్గిందని రాసినం."

రూప్లికి కోపం రాలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఎవలు జెప్పిన్రు మీకు?"

లిదియా ఎర్ర పెన్సిలు తీసి బద్యా పక్కనున్న మాటను కొట్టేసింది. ఆ పేజీలో నయం అని రాసిన పేర్లు ఇంకా ముప్పై ఉన్నాయి. పెన్సిలు వాటి మీదికి పోయి ఆగింది. బయట వాన మళ్ళీ పట్టుకుంది. వాగు తీస్తే తప్ప, వాళ్ళు ఎలా ఉన్నారో కనుక్కోవడానికి ఆ ఊళ్ళకు దారి లేదు.